నాటని మొక్కల లెక్క

కామాఠిపురలోని ఒక ఇరుకు గదుల చాల్ నుంచి సముద్ర శాస్త్రవేత్త అయిన మొదటి మనిషి రుతుజ. ఆమె ఏం చదివిందో చాల్‌లో ఎవరికీ సరిగా తెలియదు. పాప్లెట్ చేప తాజాదో కాదో చూసి చెప్పమని పళ్లెంలో పెట్టుకుని వచ్చేవారు. ఆమె పరిశోధన చేపల మీద కాదు, క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డు బురదలో పెరిగే మడ చెట్ల మీద.

నగరం చివర క్రీక్ పక్కన ఒక కంపెనీ ఏటా మడ మొక్కలు నాటిస్తుంది. ఆ కంపెనీకి ప్రకృతి మీద ప్రేమ ఎక్కువ. అది ఏటా జూలైలో ఒక పూట ఉంటుంది. నాటిన వాటిలో ఎన్ని బతికాయో చెప్పమని రుతుజ పనిచేసే సంస్థను అడిగారు. బురదలో నడవగల తోడు కావాలని ఆమె చాల్ కింది గదిలో ఉండే సాయమ్మను తీసుకుపోయింది. సాయమ్మది పాలమూరు. రోజూ పొద్దున కూలీల నాకా మీద నిలబడి, దొరికిన పనికి పోతుంది.

బురదలో దిగగానే సాయమ్మ ఆగింది.

"ఈ జాగ నాకెరుకే బిడ్డా. నాలుగేండ్ల సంది మేమే నాటుతున్నం."

"ప్రతిసారి గిదే జాగలనా?"

"గిదే జాగల. ఫొటోలోళ్లు రాకముందు సచ్చిన పుల్లలు పీకేస్తం. మల్ల కొత్తయి పెడతం."

"సస్తున్నయని ఎవరికీ చెప్పలేదా పెద్దమ్మా?"

"మీ మామకు చెప్పిన. సస్తేనే కదా మల్ల నాటేది అన్నడు."

మామ అంటే బాలనర్సయ్య, రుతుజ మేనమామ. కంపెనీకి కూలీలను పంపే ముకద్దం ఆయనే.

ఏడాది పొడుగునా సముద్రం పాటు మీద ఉండి నీళ్లు వెనక్కి తగ్గే వేళలు చూసుకుని ఇద్దరూ బురదలో తిరిగారు. తేలింది చిన్న విషయం. కంపెనీ నాటే చోటు బాగా పల్లం. పోటు వచ్చినప్పుడు మొక్క నెత్తి మీద మనిషెత్తు నీళ్లు నిలుస్తాయి. ఒక్కటీ బతకలేదు. కాస్త ఎత్తున, ఎవరూ ఏమీ నాటని చోట, పాత చెట్ల కాయలు రాలి వాటంతట అవే మొలిచి గుబురుగా పెరిగాయి. నాటడం ఆపండి, ఆ ఒడ్డును వదిలేయండి అని రుతుజ నివేదిక రాసింది.

సంగతి తెలిసి బాలనర్సయ్య ఇంటికొచ్చాడు.

"ఇంత చదివి మనోళ్ల పని బంద్ చేయిస్తవా బిడ్డా?"

"నేను మొక్కలను లెక్కబెట్టిన మామా."

"ముందు మనుషులను లెక్కబెట్టుడు నేర్వాలె," అన్నాడాయన.

వర్లిలో, ఒకప్పటి మిల్లు స్థలంలో లేచిన గాజు మేడలో నివేదిక చదివారు. కంపెనీ తరఫున ఈ పని చూసే స్నేహల్ మేడం సంతోషించింది.

"అయితే ఎత్తు మీద మొక్కలు బతుకుతాయన్న మాట."

"అవి మీరు నాటినవి కావు మేడం."

"ఈ ఏడు అక్కడే నాటుదాం. మీరే చెప్పారు కదా."

"అక్కడ ఇప్పటికే చెట్లున్నాయి."

"ఇంకా మంచిది. మొదటి రోజు నుంచే పచ్చగా కనిపిస్తుంది."

జూలైలో ఎత్తు మీద షామియానా లేచింది. దానికి చోటు కోసం ఒక మూల గుబురు కొట్టేశారు. పని ఆగనందుకు బాలనర్సయ్య శుభ్రంగా ఇస్త్రీ బట్టలేసుకుని వచ్చాడు. సాయమ్మ, మిగతా ఆడవాళ్లు గుంతలు తీశారు. పెద్దలు తలా ఒక మొక్క పెట్టి చేతులు కడుక్కున్నారు. ఆ ఏటి కంపెనీ వార్షిక నివేదికలో నూటికి తొంభై మొక్కలు బతికాయని వేశారు. నాటని చెట్లు కూడా అందులోకే వచ్చాయి. లెక్కకు ఆధారం అన్న చోట రుతుజ పేరుంది. తన పేరు తీసేయమని ఆమె రెండు ఉత్తరాలు రాసింది. మీ సహకారానికి కృతజ్ఞతలు అని రెండింటికీ ఒకే జవాబు వచ్చింది.

చివరికి అసలు లెక్క తన పేరుతోనే వేరుగా అచ్చు వేయిద్దామని, మరోసారి కొలతలు తీసుకోవడానికి సాయమ్మతో క్రీక్‌కు వెళ్లింది. ఒడ్డు చుట్టూ కంచె. ముందు కంపెనీ బోర్డు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆమె గుర్తింపు కార్డు తిప్పి తిప్పి చూశాడు.

"సైంటిస్టులకు కంపెనీ చిట్ఠీ కావాలి. మొక్కలకు రక్షణ అట."

"మరి ఈమె?"

"లేబర్‌కు అడ్డు లేదు. రోజూ పోతారు."

సాయమ్మ రుతుజ చేయి పట్టుకుని రోడ్డు మలుపు దాకా తీసుకుపోయింది. తను చీర మీద తొడుక్కున్న పాత మగ చొక్కా విప్పి ఆమె కమీజు మీద తొడిగింది. తలకు తువ్వాలు చుట్టింది.

"కండ్లద్దాలు తియ్యి. అడిగితే మాట్లాడకు. నా చెల్లె బిడ్డవు, ఊరి నుంచి కొత్తగ అచ్చినవు."

ఈసారి వాచ్‌మన్ తల కూడా ఎత్తలేదు. "జల్దీ చెయ్యండి, పోటు వస్తది," అన్నాడు.

సాయమ్మ ముందు నడిచింది. అద్దాలు లేక మసకగా కనిపిస్తున్న ఒడ్డు మీద రుతుజ ఆమె కాలి గుర్తుల్లోనే కాళ్లు పెట్టుకుంటూ వెనక నడిచింది.