హాజరు కాగితం మీద నా సంతకం

సందు మీటింగులో చాపల మీద కూర్చోగానే ఒక కాగితం చేతికొచ్చింది. అందరూ పెడుతున్నారు కదా అని నేనూ సంతకం పెట్టాను. ఇండోనేషియాలో, మా జోగ్జా ఊళ్లో నలుగురు ఎక్కడ చేరినా ముందు తిరిగేది హాజరు కాగితమే. టీ, అరటిపండు బజ్జీలు ఆ తర్వాతే.

తెల్లారి కూరగాయల బండి దగ్గర పక్కింటి మార్సినా అంది, "ఏం లాస్మినీ, నువ్వూ ఒప్పుకున్నావటగా! సందు చివర పాత బాతిక్ అద్దకాల షెడ్డులో వీధి ఆడపిల్లల్ని పెడతారట. నిన్నటి సంతకాలే ఒప్పుదల కింద పెట్టేశారు."

సిగ్నళ్ల దగ్గర పాటలు పాడుకుని బతికే పిల్లలు. వాళ్లని వెతుక్కుంటూ ఎలాంటివాళ్లు వస్తారో! నా కూతురు కినాంతికి పద్నాలుగేళ్లు. ఇంకేముంది, దాన్ని ఎవడో మోటారు సైకిలు ఎక్కించుకుపోయినట్టూ, నేను ఫోటో పట్టుకుని పోలీసుల ముందు ఏడుస్తున్నట్టూ కళ్లకి కట్టింది.

సందు పెద్ద తుగిమాన్ గారింటికి పరుగెత్తాను.

"నా పేరు తీసేయండి."

"ఒక్క ఇల్లు తగ్గినా ఒప్పుదల చెల్లదమ్మా. కాగితం ఆ పిల్లల్ని చూసుకునే సంస్థ అమ్మాయి నీలం దగ్గరుంది, షెడ్డులో. మధ్యాహ్నం నమాజులోపు నాకు చేరకపోతే షెడ్డుకొచ్చేసిన ఆ ఆరుగురు పిల్లలూ మళ్లీ బస్టాండుకే. కొట్టేసేదేదో నీ చేత్తోనే కొట్టెయ్."

నీలం నర్సింగు చదువుతోంది. సెలవుల్లో జీతం లేకుండా ఈ పని చేస్తోంది. షెడ్డు ముందు నన్ను చూడగానే కాగితం, పెన్ను రెండూ నా చేతిలో పెట్టింది.

"తప్పు మాదే అక్కా. హాజరుని ఒప్పుదలగా వాడకూడదు. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి మళ్లీ అడిగాను, అందరూ సరేనన్నారు. మీరొక్కరే మిగిలారు. ఇష్టం లేకపోతే కొట్టేయండి."

ఇంతలో భుజాన తువ్వాలేసుకుని ఒక పిల్ల వచ్చింది. పేరు టినుక్ అట.

"భయపడే ఆంటీ ఈవిడేనా? మేం కరవం లెండి. అంటే, నేను కరవను. ఆ పొట్టిది కరుస్తుంది."

అని నవ్వుతూ స్నానాలగదిలోకి పోయింది. వెంటనే ఆ పొట్టిపిల్ల వచ్చి తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"నువ్వెందుకే ఇక్కడ?"

"లోపల గడియ లేదు. ఒకళ్లు నీళ్లు పోసుకుంటే ఒకళ్లం కాపలా. బస్టాండులోనూ ఇంతే."

ఆ తలుపు నేరుగా సందులోకే తెరుచుకుంటుంది! ఇప్పుడు నా ఊహలో ఆ మోటారు సైకిలు మీద టినుక్ కనపడింది.

"గడియ లేని గదిలో ఆడపిల్లలా! నీకు బుద్ధుందా నీలం?"

"వడ్రంగి శుక్రవారం వస్తానన్నాడు అక్కా."

"శుక్రవారందాకా ఎవడైనా తోసుకొస్తే? మా ఆయన పనిముట్ల పెట్టెలో గడియ ఉంటుంది, అడిగి పట్రా. మేకులు పొడుగువి తీసుకో."

కాగితం గోడకి ఆనించి నా పేరు కింద రాశాను: 'ఈ పిల్లలు ఇక్కడుండటానికి ఒప్పుకుంటున్నాను. లోపలి గడియ ఈరోజే వేయాలి.' నీలం చదివింది. "ఇది ఇచ్చి, వస్తూ గడియ తెస్తానక్కా" అంటూ తుగిమాన్ గారింటివైపు పరుగు తీసింది.

పొట్టిపిల్లని తినడానికి పంపి తలుపుకి నా వీపు ఆనించాను. లోపల నీళ్ల చప్పుడు, పాట. ఉన్నట్టుండి పాట ఆగిపోయింది.

"టినుక్! ఏమైందే? జారిపడ్డావా?"

"నోట్లోకి సబ్బు పోయింది ఆంటీ!"

"ఉమ్మెయ్! మింగకు తల్లీ, ఉమ్మెయ్!"