ఘాట్ రోడ్డు మసి

నేను ఒక అల్లాయ్ చక్రాన్ని. కరిగిన అల్యూమినియాన్ని అచ్చులో పోసి, చల్లార్చి, చెక్కి, వెండిరంగు వేసి, పైన అద్దంలాంటి పూత పూసి నన్ను లోకంలోకి పంపారు. నడుమ నుంచి అంచుదాకా నాకు ఐదు ఆకులు. కారుకు బిగించేటప్పుడు నా వంతుకు ముందువైపు ఎడమ పక్క వచ్చింది. బ్రేకు నొక్కినప్పుడు బండి బరువంతా ముందుకు తూలుతుంది కాబట్టి, అరిగిన బ్రేకు పొడి ఎక్కువగా రాలేది ముందు చక్రాలమీదే. వెనకవాళ్లు పెళ్లివారిలా తెల్లగా ఉంటే మేమిద్దరం వంటవాళ్లలా మసిబారి ఉండేవాళ్లం.

మమ్మల్ని కొన్నాయన పేరు ఉమామహేశ్వరం. విశాఖపట్నం ఓడరేవులో గుమాస్తా. ఆయన భార్య హైమవతి పాడేరు ఆసుపత్రిలో నర్సు. పెళ్లయి ఎనిమిదేళ్లయితే అందులో ఆరేళ్లు ఆమె కొండమీద, ఆయన సముద్రం ఒడ్డున. కారు కొన్నది కూడా అందుకే. శనివారం ఆఫీసు కాగానే ఘాటు ఎక్కేవాళ్లం. సోమవారం తెల్లవారగానే దిగేవాళ్లం. దిగేటప్పుడు మలుపు మలుపుకీ బ్రేకు. కింద మైదానానికి వచ్చేసరికి నేను నిప్పులా కాగి, నల్లగా మాడిపోయి ఉండేవాణ్ణి.

ఆ నలుపు మామూలు దుమ్ము కాదు. అందులో ఇనుప రజను ఉంటుంది. వేడిమీద అతుక్కుంటుంది, తడి తగిలితే తుప్పు పట్టి పైపూతను కొరుకుతుంది. ఈ సంగతి ఆయనకు బాగా తెలుసు. వారం పొడవునా ఓపిక పట్టి, ఆదివారం పొద్దున్న పాడేరులో హైమవతి క్వార్టర్స్ ముందు మమ్మల్ని కడిగేవాడు. చక్రాలకు వేరే బకెట్టు, వేరే బ్రష్షు. చక్రం చల్లగా ఉందో లేదో చేత్తో తడిమి చూసేవాడు. ముందు ఉత్త నీళ్లు గుమ్మరించి వదులైన మసి పోనిచ్చి, ఆ తర్వాతే షాంపూ నురగ, మెత్తటి బ్రష్షు. బోల్టుల గుంటల్లోకి పాత పళ్లబ్రష్షు. చివర పొడిగుడ్డ. మూడు నెలలకోసారి మైనం పల్చగా రాసి, ఆరాక తుడిచేవాడు. మైనం ఉంటే తర్వాతి వారం మసి ఇట్టే జారిపోయేది.

ఆయన ఎదురుగా కూర్చుని మాట్లాడలేని మనిషి. భోజనాల దగ్గర కూడా "ఊఁ", "సరే", అంతే. చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడంటే మాత్రం నోరు పెగిలేది. మొదట్లో హైమవతి మగ్గుతో నీళ్లు అందించడానికి వచ్చేది. తర్వాత ఆమె కూడా ఒక పళ్లబ్రష్షు తెచ్చుకుని పక్కన చేరింది. ఇద్దరి చూపులూ నామీదే. ఇద్దరి మాటలూ ఒకరికొకరికి. వార్డులో పుట్టిన కవలలు, ఆఫీసులో కొత్త అధికారి, బదిలీ దరఖాస్తు, పిల్లలు కలగలేదన్న బెంగ, అన్నీ నా ఐదు ఆకుల మధ్యే చెప్పుకున్నారు. మనుషులకు మొహాలు ఉన్నది చూసుకోవడానికే అంటారు గానీ, వీళ్లకు మాత్రం అవే అడ్డం.

ఆమె కొండమీదికి వెళ్లిన ఏడో ఏట బదిలీల్లో హైమవతి వంతు వచ్చింది. ఆమె దాన్ని వదులుకుంది. తోటి నర్సు సుగుణకుమారి పసిబిడ్డకు గుండెలో రంధ్రం. వైద్యానికి నగరంలో ఉండక తప్పదు. హైమవతి తన వంతు ఆమెకిచ్చి, ఆ మాట భర్తకు చెప్పలేకపోయింది. ఆయనకు వేరేవాళ్ల ద్వారా తెలిసింది.

"ఇచ్చినందుకు కాదు హైమా. నాకొక్క మాట చెప్పలేదు," అని ఫోను పెట్టేశాడు.

ఆ శనివారం మేము కొండ ఎక్కలేదు. పై శనివారమూ లేదు. ఐదు వారాలు. కారు ఆఫీసుకీ ఇంటికీ తిరిగింది, వానలో తడిసింది. ఆయన బకెట్టు ముట్టుకోలేదు. నామీద మసి మీద మసి పేరుకుని గోధుమరంగు చారలు దిగాయి. నన్ను తినేస్తున్నది తుప్పో, ఆ ఆదివారాల మీద బెంగో నాకు తెలియలేదు.

ఆరో ఆదివారం పొద్దున్నే హైమవతి బస్సులో విశాఖపట్నం దిగి ఇంటికి వచ్చింది. మెట్లెక్కి పైకి వెళ్లకుండా తిన్నగా కారు దగ్గరికి నడిచింది. నామీది చారను వేలితో గీకి చూసింది.

"అయ్యగారు పైనే ఉన్నారమ్మా," అన్నాడు వాచ్‌మన్ సూరప్పడు.

"ఉండనీ. ఒక బకెట్టు నీళ్లియ్యి."

"మీరు కడుగుతారేటమ్మా?"

"నేను కాకపోతే ఎవరు కడుగుతారు?"

చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నా ముందు కూర్చుంది. సగం కడిగేసరికి మెట్లమీద చెప్పుల చప్పుడు. ఉమామహేశ్వరం వచ్చి కుడివైపు చక్రం దగ్గర కూర్చున్నాడు. మధ్యన బండి ఉంది కాబట్టి ఆమెకు ధైర్యం వచ్చింది.

"చెబితే మీరు వద్దంటారని భయపడ్డాను," అంది.

"వద్దనేవాణ్ణి కాదు."

"ఇప్పుడు తెలుసు."

బ్రష్షుల చప్పుడు. కాసేపటికి ఆమె గొంతులో తేడా వచ్చింది. "ఏమండీ, ఒకసారి ఇటు రండి. ఈ పక్కది ఇంత నల్లగా ఉందేం? అటుదానికి ఇందులో సగం కూడా లేదు."

ఆయన వచ్చి చూశాడు. అటూ ఇటూ రెండుసార్లు తిరిగి చూశాడు. "బండి కొంచెం ఎడమకు లాగుతోంది. రోడ్డు వల్లనుకున్నాను," అన్నాడు నెమ్మదిగా.

మెకానిక్ ఖాజా వచ్చి నన్ను ఊడదీశాడు. నా వెనకున్న బ్రేకు బిగుసుకుపోయి, నొక్కకపోయినా పట్టుకునే ఉంది. "మధ్యాహ్నం మేడమ్‌ను దింపడానికి కొండ ఎక్కుదామనుకున్నారా సార్? దిగేటప్పుడు బ్రేకు కాగిపోయి, ఎంత నొక్కినా పట్టేది కాదు. ఆ మలుపుల్లో..." అని ఆపేశాడు. హైమవతి భర్త చొక్కా అంచు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ సాయంత్రం ఆమె బస్సులోనే వెళ్లింది. పై శనివారానికి బాగైన బ్రేకుతో మేము ఘాటు ఎక్కాం.

మరో రెండేళ్లకు ఆమెకు బదిలీ వచ్చింది. ఇద్దరూ ఒకే ఇంట్లోకి చేరారు. నాకూ సంతోషమే. కానీ కోరుకున్నది దొరికాక మనుషులు దాన్ని అలమారలో పెట్టేస్తారు. ఆమెకు ఆదివారం డ్యూటీలు పడ్డాయి. ఆయనకు నడుము నొప్పి. మమ్మల్ని కార్లు కడిగే సెంటరుకు పంపడం మొదలైంది. అక్కడ ఎవరో ఘాటైన మందు చల్లితే మసితోపాటు నా పూతా పొక్కి తెల్లమచ్చలు పడ్డాయి. ఆయన ఆ మచ్చలమీద బొటనవేలు రాసి చూసి కారెక్కాడు. వాళ్లు ఇప్పుడు రోజూ కారులో పక్కపక్కనే కూర్చునేవాళ్లు. కూరగాయల గురించి మాత్రమే మాట్లాడుకునేవాళ్లు.

తర్వాత కొత్తది కొనాలని కారు అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్లు వచ్చే రోజు పొద్దున్న ఇద్దరూ బకెట్టుతో కిందికి వచ్చారు. నా దగ్గరే మొదలుపెట్టారు.

"ఎన్నాళ్లయిందండీ ఇలా కూర్చుని!"

"మోకాళ్లు పట్టేస్తున్నాయి."

"నేనడిగింది అది కాదు."

బ్రష్షు ఆగింది. "తెలుసు," అన్నాడాయన. మళ్లీ నురగ అద్దుతూ, "కొత్త కారు సెంటరుకి పంపొద్దు హైమా," అన్నాడు.

"మరి నా ఆదివారం డ్యూటీల సంగతో?"

"నీకు సెలవున్న రోజే మనకు ఆదివారం."

గంటలో అయ్యే పని మధ్యాహ్నందాకా చేశారు. మైనం కూడా రాశారు, ఎవరికో ఇచ్చేసే చక్రానికి. ఆయన తుడిచిన ఆకునే ఆమె మళ్లీ తుడిచింది.

కొన్నవాళ్లు మంచివాళ్లే. ఒక వానాకాలం గుంతలో పడి నా అంచు వంగింది. నన్ను మార్చి పాతచక్రాల దుకాణంలో పడేశారు. మిగతా ముగ్గురూ ఎక్కడ దొర్లుతున్నారో తెలియదు. వంగినదాన్ని ఎవరూ కొనరు గనక ఇక్కడే గోడకు ఆనుకుని ఉన్నాను. పాత మసి కొంచెం నా గుంటల్లో ఇంకా ఉంది.

షట్టరు తెరవకపోతే ఆదివారమని తెలుసుకుంటాను. ఎక్కడో ఇద్దరు మనుషులు కొత్త చక్రం ముందు గొంతుక్కూర్చుని ఉంటారు. ఆయన నీళ్లు గుమ్మరిస్తూ ఏదో మొదలుపెడతాడు, ఆమె పళ్లబ్రష్షు ఆపి వింటుంది. ఏం చెబుతున్నాడో ఒక్కసారి వినాలనిపిస్తుంది.