చెంచాడు తోడు

సుకుమారి కూతురికి పాలు పడవు. పడవంటే కడుపులో తిప్పడమో, దద్దుర్లు లేచి తగ్గిపోవడమో కాదు. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు గేదెపాలు రెండు గుక్కలు తాగించేసరికి పెదాలు ఉబ్బి, ఊపిరి అందక, తల్లి చేతుల్లోనే వేలాడిపోయింది. బతికి బయటపడ్డాక నెల్లూరు డాక్టరు పరీక్షలు చేయించి, "పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, పాలపొడి ఏదైనా సరే, ఈ పిల్ల వరకు విషమేనమ్మా. పెద్దయితే తగ్గుతుందేమో చూద్దాం" అన్నాడు. పిల్ల పెద్దదవుతూ వచ్చింది గానీ అది తగ్గలేదు.

పిల్ల పేరు కెజియా. తండ్రి సామ్యేలు నెల్లూరుకూ ఉదయగిరికీ మధ్య బస్సు నడుపుతాడు. కాపురం ఆత్మకూరు బస్టాండు వెనక సందులో. సాయంత్రమైతే బస్టాండు బయట తోపుడుబండ్లు బారులు తీరతాయి. పెద్ద పెనం మీద వెన్నముద్ద జారుతుంటే ఆ వాసన సందు చివరిదాకా వస్తుంది. బడి నుంచి వచ్చే పిల్లలంతా బండి చుట్టూ మూగితే కెజియా బ్యాగు తగిలించుకుని రోడ్డుకు ఇవతలి పక్కన నిలబడి చూసేది. ఒకరోజు కూరగాయలకు వెళ్లి వస్తున్న సుకుమారి ఆ నిలబడటం చూసింది. ఇంటికొచ్చి సంచి కింద పెట్టి, "వాళ్లు చేసేవన్నీ నీకు నేను చేస్తా. వెన్న లేకుండా, పెరుగు లేకుండా. ఎందుకు రావో నేనూ చూస్తా" అంది.

మొదట్లో ఏదీ కుదరలేదు. పూరీలు అప్పడాల్లా చదునుగా మిగిలాయి. బేకరీ బన్నుల్లో పాలపొడి ఉంటుందని తనే చేయబోతే అవి ఇటుకల్లా గట్టిపడ్డాయి. అయినా వదల్లేదు. రవ్వ ఎంతసేపు నానాలో, పిండి ఎంత గట్టిగా కలపాలో చేతికి తెలిసొచ్చింది. ఇసుక పోసిన పాత కుక్కర్లో బన్నులు పొంగాయి. పావ్‌భాజీలో వెన్న బదులు జీడిపప్పు నూరి, వేరుశెనగ నూనెలో వేయించి కలిపితే సామ్యేలు కూడా బండి మీదదే అనుకుని తిన్నాడు. అన్నిటికన్నా కష్టపెట్టింది దహీపూరీ మీదికి పెరుగు. వేరుశెనగలు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో పిండి, ఆ పాలు కాచి చల్లార్చాక పేరుకోవాలంటే ఎవరైనా చెంచాడు పెరుగు తోడేస్తారు. సుకుమారి తోడుకు బదులు పచ్చిమిరపకాయల తొడిమలు గుప్పెడు వేసి మూతపెట్టేది. ఎండాకాలం తెల్లారేసరికి పేరుకునేది. వానలప్పుడు మొండికేసేది.

"మా, మన వంటకి పేరుండాదంట. ఫోన్లో చూసినా. వీగన్ అంట" అంది కెజియా ఒకరోజు నోటినిండా పూరీ పెట్టుకుని.

"పేరేదైతే ఏంది, మింగి మాట్లాడు."

ఆ పిల్లకు తల్లి ఒక్కటే గట్టిగా నేర్పింది. ఎవరేం పెట్టినా, పాలు లేవుగా అని ముందు అడగాలి. అమ్మనైనా సరే, అడిగే తినాలి.

సామ్యేలు తల్లి లిదియమ్మ ఉదయగిరిలో, కొండ కింద పేటలో ఒక్కతే ఉంటుంది. రెండు గేదెలున్నాయి. వాటి పాలు అమ్ముకునే బతుకుతుంది. మనవరాలు వస్తుందంటే గిన్నెలన్నీ తోమి ఎండలో పెట్టి, తలస్నానం చేసి, చీర మార్చుకుని గానీ పిల్లను ముట్టుకునేది కాదు. ఎన్ని చేసినా పిల్ల తిండి మాత్రం సుకుమారే డబ్బాల్లో సర్ది పంపేది. అది లిదియమ్మకు లోపల గుచ్చుకునేది. కెజియాకు ఎనిమిదేళ్లు నిండిన ఏడు, దసరా సెలవులకు ఫోన్ చేసింది.

"ఒక్కసారన్నా నా చేత్తో నా మనవరాలికి పెట్టుకోనీవే. ఎట్ట చెయ్యాలో చెప్పు, అట్టనే చేస్తా."

సుకుమారి కాదనలేకపోయింది. తొడిమల సంగతితో సహా అంతా విడమరిచి చెప్పింది. లిదియమ్మ మళ్లీ అప్పజెప్పింది కూడా. తండ్రి బస్సులోనే కెజియా ఉదయగిరి వెళ్లింది.

ఆ వారం వాన విడవకుండా కురిసింది. ముందురోజు తొడిమలు వేసిన పల్లీపాలు మధ్యాహ్నమైనా నీళ్లలాగే ఉన్నాయి. పిల్ల పొద్దుటి నుంచీ మూత తీసి చూస్తూ, "ఇంకా కాలేదా అవ్వా" అని వెనకాలే తిరిగింది. లిదియమ్మకు మనసాగలేదు. పిల్ల పక్కింటికి ఆడుకోవడానికి పోయినప్పుడు గూట్లోని గేదెపెరుగు చెంచాడు తీసి ఆ గిన్నెలో కలిపి, పొయ్యి పక్కన వెచ్చగా పెట్టింది. బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమెకు పాలు వేరు, తోడు వేరు. తోడంటే తోడే.

సాయంత్రానికి గట్టిగా పేరుకుంది. పూరీల మీద పోసి ఇస్తే పిల్ల అలవాటు ప్రకారం అడిగింది.

"పాలు లేవుగా అవ్వా?"

"పాలు యాడివే తల్లీ! నీ కళ్ల ముందరే గదా పల్లీలు రుబ్బినా."

ఇదంతా సుకుమారికి తర్వాత తెలిసింది. ముందు వచ్చింది దస్తగిరి ఫోను. కొయ్య చెంచాలు చెక్కే దస్తగిరిది లిదియమ్మ పక్కిల్లే. "అక్కా, పాపకి ఊపిరాడటంలా. ఆస్పత్రికి తీసకపోతే సూదేసినారు. నూటెనిమిదిలో ఆత్మకూరు వస్తా ఉండారు. నువ్వు రోడ్డు మీదికి రా" అన్నాడు.

సుకుమారి చెప్పుల్లేకుండా పరిగెత్తింది. అంబులెన్సు ఆత్మకూరులో ఆగి, పిల్లకు ఇంకో సూది వేయించి, ఆమెను ఎక్కించుకుని నెల్లూరు దారి పట్టింది. లోపల పడుకోబెట్టిన మొహం తన బిడ్డదేనని పోల్చుకోవడానికి సుకుమారికి కాస్త సమయం పట్టింది. కళ్లు పూడుకుపోయాయి. మాస్కు కింద గొంతులోంచి ఈల వేసినట్టు శబ్దం వస్తోంది. లిదియమ్మ మూల కూర్చుని పిల్ల పాదం పట్టుకుని ఉంది. "ఏం తినింది అత్తా?" అంటే ఆ పాదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. సంగం ఊరు దాటాక ఆ ఈల శబ్దం సన్నబడుతూ వచ్చి, నెల్లూరు ఆస్పత్రి గేటు దగ్గర అది కూడా ఆగిపోయింది.

నెల్లూరులో గొంతులోకి గొట్టం వేశారు. ఐసీయూ బయట బెంచీ మీద లిదియమ్మ అప్పుడు నోరు తెరిచింది.

"తోడుకని చెంచాడు పెరుగేసినా. పేరుకోలా అది. పిల్ల ఎదురుచూస్తా ఉంటే... తోడే గదా అనుకున్నా."

సుకుమారికి ఆమెను కొట్టాలనిపించింది. లేచి ఐసీయూ తలుపు దగ్గరికి పోయి నిలబడింది. బస్సు ఇంకొకరికి అప్పజెప్పి వచ్చిన సామ్యేలు మాత్రం అందరూ వినేటట్టే అన్నాడు. "ఇంక మా ఇంటికి రాబాకమ్మా నువ్వు. నేనూ రాను. అయిపోయింది."

ముసలామె లేచి, కొంగు తలమీదికి లాక్కుని, వానలోనే మెట్లు దిగి వెళ్లిపోయింది. బస్టాండుకు దారి తెలుసా అని కూడా ఆమెను ఎవరూ అడగలేదు.

కెజియా బతికింది. గొట్టం తీశారు, వాపు దిగింది, ఇంటికి తెచ్చుకున్నారు. వచ్చిన రోజు సుకుమారి పప్పన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెడితే పిల్ల మొహం తిప్పుకుంది. ఆకలి లేదంది. మర్నాడూ అదే మాట. పాలు లేవుగా అని అడగడం మానేసింది. అదే సుకుమారిని భయపెట్టింది. అడిగితే చెప్పొచ్చు. అడగని పిల్లకు ఏమని చెప్పాలి?

"చూడు, నేను తింటా ఉండా" అని తల్లి ఆ ముద్ద తన నోట్లో పెట్టుకుంది.

"నీకేం గాదులే మా. నీకు పాలు పడతాయిగా" అంది పిల్ల.

అరటిపండు తనే ఒలుచుకుని తినేది. వేరుశెనక్కాయలు తనే కొట్టుకుని తినేది. కొబ్బరిబోండాం కళ్లముందు కొడితే తాగేది. మరేదీ ముట్టేది కాదు. గౌను భుజాల మీంచి జారిపోసాగింది. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేసి పోయాల్సి వస్తుందన్నాడు డాక్టరు. గొట్టం మాట వినగానే కెజియా, పట్టుకున్న తల్లి కొంగు వదిలి గోడ మూలకు పోయి నిలబడింది.

సుకుమారి పిల్లకు ఇష్టమైనవన్నీ చేసి చూసింది. ఒక సాయంత్రం పానీపూరీ చేసింది. పుదీనా నూరి, చింతపండు పులుసు కలిపి, పూరీలు ఒక్కటీ చప్పబడకుండా వేయించి తట్టలో తెచ్చింది. "ఒక్కటి. అమ్మ కోసం ఒక్కటి తినవే" అంది. పిల్ల పళ్లు బిగించింది. ఇన్నాళ్లూ పట్టుకుని ఉన్నదేదో సుకుమారిలో పుటుక్కున తెగింది. ఎడమ చేత్తో పిల్ల బుగ్గలు నొక్కి పూరీ నోట్లోకి కుక్కింది.

"తింటే ఏం చావవులే, తిను!"

పూరీ పగిలి నీళ్లు గడ్డం మీదుగా కారాయి. పిల్ల ఉమ్మేసి, రెండు చేతులతో గొంతు పట్టుకుని, ఊపిరి తీసుకోలేక ఎగరొప్పింది. అందులో పాలు లేవు. భయానికే పిల్ల ఊపిరి ఆగిపోతోంది. సుకుమారి వెనక్కి జరిగి, చేతులు రెండూ పైకెత్తి, "ఇంక పెట్టను తల్లీ, ఇంక పెట్టను" అంటూ ఉండిపోయింది. ఆ ఊపిరి నిదానించేదాకా దగ్గరికి వెళ్లే ధైర్యం ఆమెకు రాలేదు.

మర్నాడు పొద్దున సుకుమారి పొయ్యి వెలిగించలేదు. గడప మీద కూర్చుంది. వంటింట్లో నీళ్ల చప్పుడైంది. కెజియా పీట వేసుకుని ఎక్కి గిన్నె తోముతోంది. తోమి, కడిగి, మళ్లీ తోమింది. ఆలుగడ్డలు వేసి స్టవ్వు మీద పెట్టింది. దించేటప్పుడు వేడినీళ్లు మణికట్టు మీద ఒలికాయి. సుకుమారి లేవబోయింది.

"రాబాక మా! దేన్నీ ముట్టుకోబాక!"

సుకుమారి మళ్లీ కూర్చుంది. పిల్ల చర్మం ఎర్రగా పొంగుతుంటే చూస్తూనే కూర్చుంది. కెజియా ఏడుస్తూనే ఆలుగడ్డ పొట్టు తీసి, ఉప్పూ కారం చల్లి, బొరుగులు కలుపుకుని, గోడవైపు తిరిగి తినింది. గిన్నెలో ఏమీ మిగల్చలేదు.

అప్పటి నుంచి ఆ వంటిల్లు పిల్లదైంది. సుకుమారి తనకూ సామ్యేలుకూ వంట పెరట్లో చిన్న స్టవ్వు మీద చేసుకునేది. గడప దగ్గర నుంచే, మంట తగ్గించు, రవ్వ ఇంకాసేపు నాననీ, అని చెప్పేది. కెజియా వినేది, చేసేది. పూరీలు పొంగాయి. బన్నులు కూడా వచ్చాయి. ఒంటికి కాస్త కండ పట్టింది. బడి డబ్బా తనే కట్టుకునేది, ఎవరి పక్కనా కూర్చోకుండా తినేదని టీచరు చెప్పింది. ఇంటికొచ్చినవాళ్లు ఈ వయసుకే ఎంత పనిమంతురాలో అని మెచ్చుకుంటే సుకుమారి తలూపేది. కన్నబిడ్డకు ఒక్క ముద్ద పెట్టి ఎన్నాళ్లయిందో వాళ్లతో చెప్పబుద్ధయ్యేది కాదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం లిదియమ్మ వచ్చింది. సగానికి సగం చిక్కిపోయింది. వాకిట్లోనే నిలబడింది.

"బర్రెల్ని అమ్మేసినానే. ఇంట్లో పెరుగు గిన్నె గూడా లేదిప్పుడు. ఒకసారి చూసి పోదామని వచ్చినా."

సామ్యేలు బస్సు మీద ఉన్నాడు. సుకుమారి రమ్మనలేదు, పొమ్మనలేదు. మాటలు విని కెజియా బయటికొచ్చింది. అవ్వను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"అవ్వా, ఆడే కూర్చో. లోపలికి రాబాక."

"రాను తల్లీ. రానులే."

పిల్ల లోపలికి వెళ్లింది. చాలాసేపటికి పళ్లెంలో బొరుగుల మిక్చర్ తెచ్చి, చేయి చాపి గడప అవతల పెట్టి, వెనక్కి జరిగి నిలబడింది. లిదియమ్మ పళ్లెం ఒళ్లో పెట్టుకుని తినింది. ఉన్న నాలుగు పళ్లతో నములుతూ, కళ్ల నీళ్లు తుడుచుకోకుండా, ఒక్క పలుకు వదలకుండా తినింది.

"కారం ఎక్కువైందా?" అంది పిల్ల.

"లేదమ్మా. సరిపోయింది."

సుకుమారి ఆమెతో బస్టాండుదాకా నడిచింది. ఎండకు రోడ్డు మీద ఎవరూ లేరు.

"బిడ్డ చేతులనిండా మచ్చలుండాయే" అంది లిదియమ్మ.

"కాలినాయి."

"నువ్వు చూసుకోలా?"

"చూస్తానే ఉండా అత్తా. దగ్గరికి రానీదు."

ముసలామె ముందుకు నడిచింది. సుకుమారికి ఆమె మీద కోపం పోలేదు. పోతుందనీ అనిపించలేదు. అయినా ఉదయగిరి బస్సు వచ్చి జనం తోసుకుంటుంటే ఆమె మోచేయి పట్టుకుని మెట్టెక్కించింది. సీటు దొరికిందో లేదో కిటికీలోంచి చూసింది.

ఇంటికి తిరిగొచ్చేసరికి వంటింటి తలుపు లోపల గడియ పెట్టి ఉంది. నూనె కాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. సుకుమారి తలుపు కొట్టలేదు. ఆ చప్పుడు ఆగేదాకా బయటే గోడకానుకుని కూర్చుంది.