ఓడ దిగలేదు

జీవరత్నమ్మ తడిగుడ్డ పిండి, సూర్యప్రకాష్ ఎడమచేతిని మణికట్టు నుంచి పైకి తుడుస్తోంది. మోచేతి మడత దగ్గర నరం తాడులా ఉబ్బి ఉంది. డయాలసిస్ సూదులు దిగేది అక్కడే. దానిమీద గుడ్డ ఆనించకుండా చుట్టూ తిప్పి, పొడిగుడ్డతో అద్దింది. పొద్దున్నే తుడుస్తున్నా ఆ చర్మం బూడిద పూసినట్టు పొడిపొడిగా రాలుతూనే ఉంటుంది.

"నీళ్ళు," అన్నాడతను.

ఆమె చిన్న స్టీలు గ్లాసులో సగానికి పోసి, పెదవులకి ఆనించింది. అతను గబగబా మింగి నాలుక చాపి గ్లాసు అంచు నాకాడు.

"ఇంకో గుక్క."

"మజ్జాన్నం బాబూ."

ఒకప్పుడు ఈ మనిషి మెట్లు దిగుతున్నాడంటే కింద జీడి ఫ్యాక్టరీలో మాటలు ఆగిపోయేవి. పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వరుసలో జీవరత్నమ్మ కూడా తల వంచుకునేది. ఇప్పుడు ఫ్యాక్టరీ లీజుకిచ్చేశారు. కిందనుంచి కాల్చిన పిక్కల వాసన మాత్రం ఎప్పట్లాగే మేడమీదికి వస్తుంది. పొగకి ఆమె ఛాతీ పట్టేసి పని మానుకున్న ఏడాదే ఇతనికి కిడ్నీలు పోయాయి, ఆ వెనకే చూపు పోయింది. దావీదుకి, అంటే ఆమె భర్తకి, ఇదే జబ్బు. అతన్ని చివరిదాకా చూసుకున్న మనిషి కాబట్టి సూర్యప్రకాష్ భార్య ఉమామహేశ్వరమ్మ కబురు పెట్టింది. అప్పట్నుంచీ రోజూ సుమ్మాదేవిలో రైలెక్కి పలాసలో దిగి, కాశీబుగ్గ దాకా నడిచి వస్తోంది. డయాలసిస్ ఉన్న రోజుల్లో అతనితో ఆసుపత్రికి వెళ్తుంది. లేని రోజుల్లో ఇంట్లో ఉంటుంది.

మందుల్లో, నీళ్ళలో, పథ్యంలో ఆమె ఏనాడూ తేడా చేయలేదు. చేయాలనుకుంటే అరక్షణం పని. పాపమని భయపడి కాదు ఆగింది. అతను ఊరికే చావడం ఆమెకు చాలదు.

"మా ఆవిడ ఎల్లిపోనాదా?"

"టెక్కలిలో పెళ్ళి కదా బాబూ. సాయంత్రానికొత్తానన్నారు."

"అయితే డిస్కు ఎట్టీ. ఆఖరిది కదా?"

"ఆఖరిదే."

టీవీ కింద అట్టపెట్టెలో డీవీడీలు ఉన్నాయి. విశాఖపట్నంలో ఉండే సూర్యప్రకాష్ తమ్ముడు ఫణీంద్ర ఎక్కడో పట్టుకుని బస్సు పార్సిల్లో పంపించాడు. అన్నయ్య కుర్రతనంలో వెర్రెత్తి చూసిన సీరియల్, పేరు 'శూన్యయాత్రి'. భూమి మీంచి ఒక ఓడ నక్షత్రాల్లోకి వెళ్ళి దారి తప్పుతుంది. కప్తాన్ దాన్ని ఇంటికి తేవడానికి వారం వారం అవస్థ పడతాడు. ఓడంతా చెక్కపలకలు, థర్మాకోల్. వేరే గ్రహాలవాళ్ళు వెండిరేకు చుట్టుకుని వస్తారు. తలుపు జరిగినప్పుడు గోడ కూడా కొంచెం ఊగుతుంది. అయినా ఆ సంగీతం మొదలైతే సూర్యప్రకాష్ మంచంమీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటాడు.

మాటలు హిందీ. ఢిల్లీ సేట్లతో జీడిపప్పు వ్యాపారం చేసినవాడు కాబట్టి అతనికి అన్నీ అర్థమవుతాయి. బొమ్మ కనపడదు. ఆమెకి హిందీ రాదు. బొమ్మ కనపడుతుంది. మాటలు లేనిచోట ఏం జరుగుతోందో ఆమె చెప్పాలి. దానికే ఆమెని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కుర్చీలో కాదు, మంచం పక్కన గచ్చుమీద.

మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పింది. ఆ సీరియల్ ఆమెకి కొత్త కాదని అతనికి తెలియదు.

సుమ్మాదేవిలో సూర్యప్రకాష్ వాళ్ళ పాత ఇంటికి రోడ్డువైపు ఒక పెద్ద కిటికీ ఉండేది. ఊళ్ళో అప్పటికి టీవీ ఉన్నది ఆ ఒక్క ఇంట్లోనే. ఆదివారం గుడిలో ప్రార్థన అవ్వగానే పేట పిల్లలు పరుగెత్తుకొచ్చి ఆ కిటికీ ఊచలు పట్టుకుని వేలాడేవారు. మాటలు ఎవరికీ అర్థమయ్యేవి కావు. ఎవరికి వారే కథ అల్లుకునేవారు. పన్నెండేళ్ళ జీవరత్నమ్మ మిషన్ బడిలో ఏడో తరగతి. కప్తాన్ ఇంటికి చేరాలని వారమంతా రాత్రి ప్రార్థనలో అమ్మానాన్నల పేర్లతో పాటు అతని పేరూ కలిపేది.

ఆఖరి భాగం వచ్చిన రోజు కిటికీ తలుపు పడింది. బరువైన టేకు రెక్క. ఆమె కుడిచెయ్యి ఇంకా చట్రం మీదే ఉంది. కేక పెట్టింది. రెక్క వెంటనే తెరుచుకోలేదు. లోపల సంగీతం మాత్రం ఇంకా గట్టిగా వినిపించింది. రెండు వేళ్ళు నలిగి చీము పట్టాయి. ఆ యేడు పరీక్షలు రాయలేకపోయింది. మళ్ళీ బడికి వెళ్ళనేలేదు. వంకర తిరిగి మానిన ఆ వేళ్ళతోనే సూర్యప్రకాష్ తండ్రి పెట్టిన ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టడం నేర్చుకుంది. ఆ పని వేళ్ళు వంకరున్నా సాగుతుంది. జీడిరసం చేతుల్ని ఎలాగూ నల్లగా తినేస్తుంది. పైగా వేళ్ళని ఎవరు చూస్తారు?

తలుపు వేసింది ఎవరో ఆమెకి ఎప్పుడూ తెలియలేదు. గాలికి పడిందని అమ్మ చెప్పింది. అలాగే అనుకుంది. డీవీడీలు వచ్చిన కొత్తలో అతనే నవ్వుతూ చెప్పాడు.

"ఆ రోజుల్లో మా కిటికీ నిండా పేట పిల్లలే రత్నమ్మా. కోతుల్లాగ. మాకు లోపలికి గాలి నేదు. ఆఖరి రోజు మా ఫ్రెండ్సందరూ వచ్చినారు. ఇసుగొచ్చి తలుపు లాగీసినాను. ఒకత్తి బయట ఒకటే ఏడుపు! డవిలాగు ఇనపడక సౌండు పెంచీసినాను."

జీవరత్నమ్మ మందుబిళ్ళల రేకు చింపుతోంది. చెయ్యి ఆగింది.

"ఆ పిల్ల ఏటైంది బాబూ?"

"ఏటవుద్ది? ఇంటికి పోయుంటాది."

ఆ సాయంత్రం సుమ్మాదేవి స్టేషన్లో దిగి, ఇంటికి పోకుండా బల్లమీద చాలాసేపు కూర్చుంది. మర్నాటినుంచి చూసింది చూసినట్టు చెప్పడం మానేసింది.

మొదట చిన్నవే. కప్తాన్ ముందుకు దూకితే, యంత్రం వెనక నక్కాడని చెప్పింది. గాయపడినవాణ్ణి భుజాన వేసుకుని పరుగెడితే, వదిలేసి ఒక్కడే వస్తున్నాడని చెప్పింది.

"వాడు వదలడే!" సూర్యప్రకాష్ మంచంమీద కదిలిపోయాడు. "మోసుకొత్తాడు. నాకు బాగా గుర్తు."

"నాకు కనపడింది సెప్తన్నాను బాబూ."

"సరిగ్గా సూసినావా?"

"కళ్ళున్నాయి కదా నాకు."

ఆ మాట అతనికి గుచ్చుకోవడం ఆమె కళ్ళారా చూసింది. తర్వాత్తర్వాత అతను వాదించడం తగ్గించాడు. "అలాగుందేటి? మరి నేనేటి సూసినానప్పుడు?" అని గొణుక్కునేవాడు. భోజనం మధ్యలో ఆగి, "ఆడు పిరికోడా రత్నమ్మా?" అని అడిగేవాడు. "ఏటో బాబూ, అలాగే ఉన్నాడు," అనేది ఆమె, ఉప్పు లేని అన్నం కలుపుతూ. జబ్బు అతని ఒంట్లో అన్నీ తీసుకుంది గాని ఇరవయ్యేళ్ళ వయసునాటి ఆ ఆదివారాల్ని ముట్టుకోలేకపోయింది. వాటిని ఆమె కొంచెం కొంచెంగా తీసేస్తోంది. సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చుని జీడితోటలు వెనక్కి పోతుంటే, రేపు ఏం తీసెయ్యాలో ఆలోచించుకునేది. ఇంట్లో కూతురు బ్లెస్సీ, "ఏటమ్మా, నీలో నువ్వే నవ్వుకుంతన్నావు?" అని అడిగితే, "ఏటీ నేదే," అనేది. ఆదివారం గుడిలో పాస్టరుగారు క్షమాపణ గురించి చెబుతున్నప్పుడు ఆమె కుడిచేతిని ఒళ్ళోనే ఉంచుకుని, ఆ వాక్యం వేరేవాళ్ళకోసం అన్నట్టు వింది.

ఈ పూట డిస్కు పెట్టి, ఎప్పుడూ కూర్చునే గచ్చుమీద కూర్చోలేదు. కుర్చీ లాక్కుని మంచానికి ఆనుకుని కూర్చుంది. చప్పుడుకి అతను తల తిప్పాడు. పొద్దున్నించీ ఊపిరి కొంచెం పైపైన ఆడుతోంది. పాదాలు నీరుపట్టి మెరుస్తున్నాయి. "డాట్రుగారికి ఫోన్ సేమంతారా?" అని ఆమె రెండుసార్లు అడిగింది. "రేపెలాగూ ఎల్తాం కదా, ముందిది సూద్దాం," అన్నాడు.

చాలాసేపు మాటలే నడిచాయి. అతను పెదవులు కదుపుతూ డైలాగుల్ని ముందే అందుకుంటున్నాడు. ఓడలో నూనె అయిపోయింది. మనుషులు ఒక్కొక్కరే గాజుపెట్టెల్లో పడుకున్నారు. కప్తాన్ ఒక్కడే మిగిలి చక్రం పట్టుకున్నాడు. అప్పుడు మాటలు ఆగిపోయి సంగీతం మొదలైంది.

"ఇదిగో," అన్నాడు సూర్యప్రకాష్. "ఇక్కణ్ణుంచి మాటల్లేవు. సూడు. నాకు సెప్పు."

జీవరత్నమ్మ చూసింది. మబ్బుల్లోంచి ఓడ దిగింది. దానికి కట్టిన దారం కూడా కనపడింది. అయినా ఆమె కుర్చీలో ముందుకు వంగింది. భావనపాడు ఒడ్డులాంటి ఖాళీ ఇసుక. అలలు. ఓడ ఇసుకమీద వాలింది. తలుపు తెరుచుకుంది. కప్తాన్ బయటికొచ్చాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. దూరంనుంచి ఒక ముసలమ్మ చెప్పులు లేకుండా నడుచుకుంటూ వచ్చింది. ఆమె తల్లో, భార్యో, కూతురో తెలియదు. దగ్గరికొచ్చి అతని మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

చిన్నప్పుడు తను చేసిన ప్రార్థన అప్పుడే, ఆ ఆదివారమే నెరవేరిందన్నమాట. తలుపుకి అవతల.

"ఏటవుతంది? దిగిందా?"

ఆమె కళ్ళు ఒత్తుకుంది.

"నేదు బాబూ."

"దిగుద్ది. ఇసకలో దిగుద్ది. ముసల్దొకత్తి వత్తాది, సూడు."

"ముసల్దుంది. ఒక్కత్తే ఉంది. సముద్రంకేసి సూత్తంది. ఓడ నేదు."

"రత్నమ్మా, నేను సూసినాను! నా కళ్ళతో సూసినాను..."

"అప్పుడు మీరు సూసినారు. ఇప్పుడు నాను సూత్తన్నాను. రానేదు బాబూ. ఆడెక్కడో పైనే ఉండిపోనాడు. ఎవులూ రానేదు."

సూర్యప్రకాష్ నోరు తెరిచాడు. చెయ్యి ఎవరినో ఆపుతున్నట్టు గాల్లోకి లేచి, దుప్పటిమీద పడింది. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కంటి చివర తడి మెరిసింది. జీవరత్నమ్మ ఆ తడిని తుడవకుండా, దాహం తీరినట్టు చూస్తూ కూర్చుంది.

సంగీతం ఆగిపోయింది. తెరమీద పేర్లు పైకి జరుగుతున్నాయి. చెప్పాల్సింది ఇంకా ఒకటి ఉంది. ఆమె కుర్చీని ఇంకా దగ్గరికి జరుపుకుంది.

"బాబూ, మీ కిటికీ కాడ ఏడిసిన పిల్ల ఏటైందో సెప్పనా?"

అతను పలకలేదు.

"మీ ఫేక్టరీలోనే పిక్కలు కొట్టింది. మీరు మెట్లు దిగితే తలొంచుకునీది. మీకు ఒళ్ళు తుడిసింది. గుక్కెడు గుక్కెడు నీళ్ళిచ్చింది. ఇదిగో, సూడండి."

అతని అరచేతిని విప్పి తన వంకర వేళ్ళు రెండూ అందులో పెట్టింది. చెయ్యి వెచ్చగానే ఉంది. వేళ్ళు గుర్తుపడతాడని, లాక్కుంటాడని, తిడతాడని, లేకపోతే ఒక్క ముక్క ఏదో అంటాడని చూసింది. ఏమన్నా సరే, జవాబు చెప్పడానికి ఎన్నో మాటలు దాచుకుని ఉంది.

"ఇనపడిందా బాబూ?"

చాలాసేపటికి గాని ఆమెకి అనుమానం రాలేదు. చేతిని వదిలి, ఎడమ మోచేతి దగ్గర ఉబ్బిన నరంమీద వేలు పెట్టింది. అక్కడ ఎప్పుడూ జుమ్మని అదురుతూ ఉండేది. ఇప్పుడు అదురు లేదు.

"బాబూ!" అంది గట్టిగా. భుజం పట్టి ఊపింది. "బాబూ, ఇన్నారా నేదా? అది సెప్పండి ముందు!"

కిందికి పరుగెత్తి ఫ్యాక్టరీలోవాళ్ళని పిలిచింది. వాళ్ళు డాక్టరుని తెచ్చారు. డాక్టరు చూసి, గుండె ఆగిందని చెప్పాడు. టెక్కలి నుంచి కారులో వచ్చిన ఉమామహేశ్వరమ్మ గుమ్మంలోనే కూలబడిపోయింది. కాసేపటికి జీవరత్నమ్మ చెయ్యి పట్టుకుంది.

"బాధ పడ్డారా రత్నమ్మా? ఆఖర్ని ఏటైనా అన్నారా?"

"నేదమ్మా. టీవీ సూసినారు."

"అదొకటే కదే ఆయనకి మిగిలింది. పోన్లే, నువ్వు దగ్గరున్నావు."

జీవరత్నమ్మ తల ఊపింది. గోడవైపు చూసింది. ఇన్నాళ్ళూ కూడబెట్టిన పగ అతనికి చేరిందో, చేరకముందే అతను దాటిపోయాడో చెప్పగలిగినవాడు అతనొక్కడే. ఓడ దిగలేదన్న మాట విన్నాడు, అది నిజం. మిగతాది విన్నాడా? ఆ కంటి తడి ఓడకోసమా, ఊపిరి అందకనా? ఇప్పుడు బయట నిలబడి జవాబుకోసం వేలాడాల్సిన వంతు మళ్ళీ తనకే వచ్చింది.

శవాన్ని కింద వాకిట్లోకి దించారు. సుమ్మాదేవి రైలుకి ఇంకా వ్యవధి ఉంది. ఎవరూ చెప్పకుండానే ఆమె మేడమీదికి వచ్చి, పక్క దులపడానికి దిండు ఎత్తింది. గలీబులోంచి ఏవో జారి దుప్పటిమీద రాలాయి. జీడిపప్పులు. కిడ్నీలు పోయినవాడికి గుండె ఆపేస్తాయని డాక్టరు వద్దంటే వద్దన్న పప్పులు. ఎవరిచేత తెప్పించుకున్నాడో, ఎన్నాళ్ళనుంచి చీకట్లో తడుముకుంటూ తింటున్నాడో ఆమెకి తెలియలేదు. అన్నీ చేతిలోకి తీసుకుని కాసేపు నిలబడి, గిన్నెలో వేసి కిందికి వెళ్ళిపోయింది. ఒకటి మాత్రం దుప్పటి మడతలో ఉండిపోయింది. తెల్లగా, బద్ద విరగకుండా, ఒక కొసని చిన్న పంటి గాటుతో.