సూది చేతికివ్వకూడదు

"బొంతలు కుట్టుకునేవాళ్ళకి పార్టీ ఏంటే?" అని విశ్వతేజ నవ్వాడు. నవ్వి, "సరే, నీ ఇష్టం" అన్నాడు. వినీల ఆ రెండో మాటనే పట్టుకుంది. మొదటిది వినపడనట్టు భర్త కంచంలో ఇంకాస్త పెరుగు వేసింది.

పెళ్ళయి వినగడప నుంచి తిరువూరు వచ్చాక, ఆ ఇంట్లో ఆమె పేరు పనితో కలిసే వినపడేది. వినీలా, మోటారు వెయ్యి. వినీలా, కొట్టుకి క్యారేజీ సర్దు. విశ్వతేజది పురుగుమందుల కొట్టు. మామిడి పూత మొదలైతే అతని బట్టల్లో మందు వాసన, ఇంట్లో ఎడతెగని ఫోన్లు. అన్నం తిన్నాక అత్తగారు హనుమాయమ్మ టీవీ ముందు కునుకు తీసేది. అప్పుడు వినీలకి ఎవరితోనైనా మాట్లాడాలని ఉండేది, ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. పుట్టింటికి ఫోన్ చేస్తే అమ్మ "అందరూ బాగున్నారా?" అని అడిగేది. ఆ అందరిలో తను ఉందో లేదో తేల్చుకోలేక "ఆ, బాగున్నారు" అనేది.

అలాంటి ఒక మధ్యాహ్నమే నాలుగు పాత చీరలు పట్టుకుని వెనక వీధిలో ముంతాజ్ అరుగెక్కింది. ముంతాజ్ బొంతలు కుడుతుంది. చర్చి పక్కనుండే మాణిక్యమ్మ ఆమెకి తోడు. పాత చీరలు పొరలుగా పరిచి, తలా ఒక అంచున కూర్చుని, మధ్యకి కుట్టుకుంటూ వస్తారు. మొదట్లో ఒకరికొకరు దూరంగా ఉంటారు, నడిమికి చేరేసరికి తలలు తగులుతాయి. వినీల అక్కడా పెద్దగా మాట్లాడేది కాదు. కానీ అక్కడ ఆమె మౌనానికి కూడా ఒక అంచు కేటాయించి ఉంచారు.

సూదిని మాత్రం ఎవరూ ఎవరి చేతికీ ఇవ్వరు. బట్టకి గుచ్చి పెడితే రెండోవాళ్ళు తీసుకుంటారు. చేతికిస్తే గొడవలొస్తాయట. కొత్తలో ఒకసారి మరిచిపోయి అత్తగారి చేతికి సూది అందిస్తే, "మీ వినగడపలో ఇదే నేర్పారా?" అంది హనుమాయమ్మ. ఆ రోజు నుంచి వినీల సూదినే కాదు, మాటని కూడా నేరుగా ఎవరికీ ఇవ్వలేదు. ఎక్కడో ఒకచోట గుచ్చి పెట్టేది, కావలసినవాళ్ళు చూసి తీసుకుంటారని. ఎవరూ తీసుకోలేదు.

ఈ బొంత చివరికొస్తుండగా ఆమె నోరు తెరిచింది. "కొత్త సంవత్సరం రోజు మా ఇంటికి రండక్కా. చివరి వరస అక్కడే కుడదాం. భోజనం కూడా."

ముంతాజ్ పళ్ళతో దారం తెంచింది. "మీ ఇంటికా? మీ అత్తగారికి చెప్పావా, లేక మమ్మల్ని చూసి ఆవిడ పడిపోతే మేమే లేపాలా?"

"ఊరుకోవే ముంతాజూ. పిల్ల ఇన్నాళ్ళకి ఒక మాట అంది" అంది మాణిక్యమ్మ. "కేకు నేను తెస్తా. క్రిస్మస్‌కి చేసిందాంట్లో కాస్త దాచిపెడతా."

"దాచిన కేకా? గట్టిపడితే దాన్నీ బొంతలో పెట్టి కుట్టేద్దాం."

వినీల ఆ రోజంతా ఆ నవ్వుని మోసుకు తిరిగింది. మాణిక్యమ్మకి మోకాళ్ళ నొప్పులు, కాబట్టి హాల్లో సోఫా మీద కూర్చోబెట్టాలి. ముంతాజ్‌కి అల్లం పచ్చడితో గారెలు ఇష్టం. ఆ సోఫాని తను రోజూ దులుపుతుంది కానీ అందులో కూర్చున్నది తక్కువ. ఆ రోజు కూర్చుంటుంది. వడ్డించి గుమ్మం పక్కన నిలబడకుండా, వాళ్ళతో పాటు వేడివేడిగా తింటుంది. అంట్లు తోముతూ అది తలుచుకున్నప్పుడల్లా, ఎవరైనా చూస్తారేమోనని తల వంచుకుని నవ్వుకునేది.

ముందురోజు విశ్వతేజ కొట్టు నుంచి వస్తూనే అన్నాడు. "ఎలాగూ వండుతున్నావుగా, కంపెనీవాళ్ళనీ, మా డీలర్లనీ కూడా రమ్మన్నాను. ఓ పదిమంది ఉంటారు. హాల్లో కూర్చుంటార్లే."

"మరి మావాళ్ళు?"

"పెరటి గుమ్మంలోంచి రమ్మను" అంది హనుమాయమ్మ టీవీ మీంచి చూపు తిప్పకుండా. "గారెలకి చెయ్యి సాయం అవుతారు. ఉత్తినే కూర్చుంటే వాళ్ళకి మాత్రం ఏం బాగుంటుంది?"

ఆ గొంతులో కోపం లేదు. అదే వినీలకి గుచ్చుకుంది. కోపమైతే దానికి ఎదురు చెప్పొచ్చు. ఆమె ఫోన్ తీసి ముంతాజ్ పేరు దాకా వెళ్ళింది. జ్వరమని చెప్పొచ్చు. చెబితే వాళ్ళు నమ్ముతారు, నమ్మినట్టయినా ఉంటారు. ఆ తర్వాత ఆ అరుగు మీద తన అంచున కూర్చోవడం మాత్రం ఇక తన వల్ల కాదు. ఫోన్ పక్కన పెట్టి పప్పు నానబోసింది. చిన్న గిన్నెతో.

తెల్లారి పనంతా అయ్యాక, ముంతాజ్ ఇంటి నుంచి తెచ్చిపెట్టుకున్న బొంతని హాల్లో సోఫా ముందు పరిచింది. విశ్వతేజ చొక్కా పట్టుకుని వచ్చాడు.

"గుండీ ఊడింది, తొందరగా కుట్టు, మావాళ్ళు వచ్చేస్తారు. ఇదేంటి ఇక్కడ పరిచావు, తీసెయ్."

వినీల బొంతకి గుచ్చి ఉన్న సూది తీసి, తెల్ల దారం ఎక్కించి, కొసన ముడి వేసింది. అతను చాచిన చొక్కా మాత్రం అందుకోలేదు.

"గారెలు మా ముగ్గురికీ, మీ ఇద్దరికీ వేస్తానండి. వచ్చేవాళ్ళకి హోటల్లో చెప్పండి. హాల్లో మేం కూర్చుంటాం."

ఇన్నాళ్ళూ గొంతులో అంత బరువుగా ఉన్న మాటలు, బయటికొచ్చాక ఇంత చిన్నవా అనిపించింది ఆమెకి.

వీధి గేటు కిర్రుమంది. "ఎటే మాణిక్యమ్మా, పెరటివైపు వెళ్ళాలా?" ముంతాజ్ గొంతు, ఎప్పటి వేళాకోళమూ లేకుండా.

వినీల విశ్వతేజ చెయ్యి పట్టుకుని, అరచెయ్యి విప్పి, సూది అందులో పెట్టింది.

వంటింటి గుమ్మంలోంచి హనుమాయమ్మ చూడనే చూసింది. "సూది చేతికిస్తావేంటే? గొడవలొస్తాయి."

"రానివ్వండి అత్తయ్యా" అని వినీల వీధి తలుపు రెండు రెక్కలూ తీసింది.