పదకొండు నుంచి ఒకటికి

నా భర్త కర్ట్ మార్చిలో పోయాడు. షెబోయ్‌గన్‌లో నేను పాఠాలు చెప్పే బడి వెనక ఉన్న ఆటల దుకాణంలో ప్రతి శనివారం ఆయనా, మా అమ్మాయి బ్రిట్టా ఆడేవారు. కాగితం మీద రాసుకున్న వీరుల్ని పాచికలతో నడిపే ఆట అది. ఆడిన కొద్దీ వీరుడి లెవెల్ పెరుగుతుంది. ఆ వీరుడితోనే ఏ ఊరి దుకాణంలోనైనా కూర్చోవచ్చు. తండ్రి పక్కన కూర్చుని బ్రిట్టా తన యోధురాలు హిల్డాను కొన్నేళ్లలో పదకొండో లెవెల్‌కు తెచ్చింది.

మే నెలలో నేనూ ఆడతానన్నాను. శనివారాలు ఇంట్లో ఉండలేకపోయేదాన్ని. అంతకు మించి చెప్పను.

కొత్తవాళ్లు ఒకటో లెవెల్ బల్ల దగ్గర మొదలుపెట్టాలి. పై లెవెల్ వీరుల్ని అక్కడికి రానివ్వరు. బ్రిట్టా ఇంకో వీరుణ్ణి రాసుకోవచ్చు గానీ, రాసుకోనంది.

"నాన్నతో ఆడింది హిల్డా. నీతో ఆడేదీ హిల్డానే."

ఇష్టమైతే లెవెల్ తగ్గించుకోవచ్చని ఆ వసంతంలోనే కొత్త నియమం వచ్చింది. తగ్గించుకుంటే మాత్రం పోయింది పోయినట్టే. మళ్లీ మొదటినుంచి ఆడి సంపాదించుకోవాలి.

"మతి పోయిందా పిల్లా?" అన్నాడు వెర్న్, పై లెవెల్ బల్ల దగ్గర చీజ్ ముక్కలు నములుతూ. కర్ట్‌కు పాత స్నేహితుడు. "ఎక్కినవాడెవడైనా దిగుతాడా?"

"నువ్వు ఎక్కు వెర్న్," అంది బ్రిట్టా. "నీ లెవెల్ కంటే నీ బొజ్జే ముందు పెరిగేట్టుంది."

అందరికంటే గట్టిగా వెర్నే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"వద్దమ్మా," అన్నాను. "అది నాన్నతో కలిసి సంపాదించుకున్నది."

"నువ్వు పైకొచ్చేసరికి నాకు పెళ్లై పిల్లలు పుడతారు. నేనే దిగొస్తా."

కొత్తవాళ్ల బల్ల నడిపే డేల్ ఒకప్పుడు నా విద్యార్థి. "లెవెల్ కొట్టేశాక తిరిగివ్వలేను. ఖాయమేనా?" అని రెండుసార్లు అడిగాడు. బ్రిట్టా హిల్డా కాగితం మీది పదకొండును సిరా పెన్నుతో కొట్టేసి ఒకటి వేసింది. మంటల కత్తి పోయింది, ఎగిరే గుర్రం పోయింది. ఒక చెక్క డాలు మిగిలింది.

బల్ల మీద మా వీరుల చిన్న బొమ్మలు నిలబెట్టాక ఆట మొదలైంది. నాది వైద్యురాలి పాత్ర. తెలియక అందరికంటే ముందు నిలబడ్డాను. గని చీకట్లోంచి రాక్షసుడొకడు నా మీదికి గద ఎత్తాడు.

"నేను అడ్డొస్తా!" అంది బ్రిట్టా.

పదకొండో లెవెల్‌లో ఆ దెబ్బ దోమకాటు. డేల్ రాక్షసుడి తరఫున పాచిక వేసి చూసి, హిల్డా బొమ్మను పక్కకు పడుకోబెట్టాడు.

బ్రిట్టా నెత్తి కొట్టుకుంది. "అయ్యో, నాదిప్పుడు ఒకటో లెవెల్ కదా!"

"చెప్పానా!" అని అరిచాడు వెర్న్.

"ఇప్పుడు లేపకపోతే హిల్డా ఇక లేనట్టే," అన్నాడు డేల్. "టీచర్ గారూ, మీ వంతు."

ఈ ఆట బ్రిట్టాకు కొట్టిన పిండి. అయినా ఏం చేయాలో నాకు అందించలేదు. బోర్డు దగ్గర తడబడే పిల్లవాడి పక్కన నేను నిలబడినట్టే, నా కోసం ఆగింది.

"హిల్డా పక్కన కూర్చుంటాను. గాయం కడతాను."

"ఈ ఇరవై ముఖాల పాచిక వేయండి. పది దాటాలి."

పద్నాలుగు పడింది.

బ్రిట్టా హిల్డాను లేపి, మళ్లీ నా బొమ్మకు ముందే నిలబెట్టింది.

"మళ్లీనా?" అన్నాను.

"చేతిలో డాలుంది కదమ్మా."

వెర్న్ తన కుర్చీని మా బల్ల వైపు తిప్పుకున్నాడు. బడిలో ఎందరో తల్లులకు వాళ్ల పిల్లల గురించి మంచి మాట చెప్పాను. విని వాళ్లు తడి కళ్లు దాచుకుంటూ ఎందుకు తల దించుకునేవారో ఆ రోజు తెలిసింది. కళ్లు తుడుచుకుని, తర్వాత ఎవరి వంతని డేల్‌ను అడిగాను.