దిబ్బ మీద ఏమీ లేదు

"దిబ్బ పోతాదే మంజూ. సూస్తా ఉండు, ఇయ్యాల దిబ్బ పోతాది."

కాళమ్మ ఆ మాట అనేసరికి ఇంకా పొద్దు పూర్తిగా ఎక్కలేదు. పంచాయతీ ఆఫీసు వైపు నుంచి ఎవరో మైకులో హలో, హలో అంటున్నారు. జనవరి ఇరవై ఆరు. జెండా ఎగరేశాక గ్రామసభ.

మంజు పిన్నీసు పళ్ల మధ్య పెట్టుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. పిన్నీసు తీసి అంది, "ఎక్కడికీ పోదమ్మా. నువ్వు టెన్షన్ మత్ లే. నేను మాట్లాడతాను కదా."

"నువ్వు మాటాడతావనే నా బయ్యం. నోరు జారతావు. ఆళ్లకి కోపం వస్తాది. దిబ్బతో పాటు నీ మెంబరు కుర్చీ కూడా లాగేస్తారు."

"మెంబరు కుర్చీ ప్లాస్టిక్‌దమ్మా. లాక్కోనీ."

కాళమ్మకి నవ్వు రాలేదు. భయం ఆవిడకి కొత్త కాదు. పోర్ట్ బ్లెయిర్ ఓడ అరగంట ఆలస్యమైతే మునిగిపోయిందనుకుంటుంది. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటుంది. మోగకపోతే, పోయినవాళ్ల సంగతి తనకి చెప్పడానికి జంకుతున్నారనుకుంటుంది. మంజు పందొమ్మిది ఓట్ల తేడాతో వార్డు మెంబరుగా గెలిచిన రోజున వీధి వీధంతా డప్పులు కొడుతుంటే, ఓడినవాళ్లు నూతిలో ఏం కలుపుతారోనని చీకటి పడేదాకా నూతి గట్టు మీద కాపలా కూర్చుంది. కూతురూ కొడుకూ ఆ భయాలకి అలవాటు పడిపోయారు. వర్షం శబ్దానికి అలవాటు పడినట్టే.

కానీ ఈసారి భయపడడానికి కారణం ఉంది.

అండమాన్‌లో వండూర్ రోడ్డు మీద నుంచి సముద్రం వైపు దిగితే వాళ్ల ఊరు. చేపలు పట్టి బతికే ఇరవై రెండు గడపలు. అందరి తాతలూ శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చినవాళ్లే. పూర్వం చేపలు ఇసుకలోనే ఎండేసుకునేవారు. సునామీలో ఆ ఇసుక అంతా నీటి కిందికి పోయింది, మళ్లీ పైకి తేలలేదు. అప్పటినుంచి ఊరి వెనక ఉన్న ఆరెకరాల దిబ్బే వాళ్లకి దిక్కు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ దిబ్బ మీద వెదురు తడికెలు కట్టి నెత్తళ్లు, కవ్వళ్లు లాంటి చేపలు ఎండేస్తారు. వానాకాలం వచ్చేసరికి తడికెలు విప్పేసి ఇళ్లల్లో పెట్టుకుంటారు. దిబ్బ మీద మోకాలెత్తు గడ్డి మొలుస్తుంది. తెలియనివాళ్లు చూస్తే పనికిమాలిన బీడనుకుంటారు.

ఆ దిబ్బ మీద ఇప్పుడు సోలారు పలకలు పరుస్తామని ఒక కంపెనీ వచ్చింది. నేల సర్కారుది. ఎవరికీ పట్టా లేదు. గ్రామసభ గనక అభ్యంతరం లేదని రాసిస్తే వేసవి ఎండలు కూడా పూర్తిగా ముదరకముందే కంచె పడుతుంది.

సోలారు వద్దని కాళమ్మ ఎన్నడూ అనలేదు. సాయంత్రమైతే డీజిల్ పవర్‌హౌస్ చేతులెత్తేస్తుంది. విసనకర్రతో విసురుకుని ఆవిడ మణికట్టు కూడా వాచింది. పెట్టుకోనీ. పాత రాతి క్వారీ పక్కన బోలెడు నేల ఉంది. దిబ్బ మీద మాత్రం వద్దు.

"శివాజీ ఎన్నింటికి వస్తానన్నాడే?" అంది చెప్పులు వెతుక్కుంటూ. కొడుకు నిన్న తెల్లవారుజామున డింగీ పడవలో వేటకి వెళ్లాడు.

"మూడింటికి. ఇప్పటికి ఆరుసార్లు అడిగావు."

* * *

జెండా ఎగిరింది. లడ్డూలు పంచారు. హాలు కిటకిటలాడిపోయింది. ముందు వరసల్లో పై వీధుల రైతులు, వెనక గోడ వారగా కాళమ్మ ఊరి ఆడవాళ్లు. కాళమ్మ పక్కన ఎరుకమ్మ కూర్చుంది. వరసకి అక్క. నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే.

"ఒలే కాళీ, లడ్డు అలా సేతిలో ఎట్టుకు కూకున్నావేటి? ఇసం కలిపేరనుకున్నావా?"

"ఆకలి నేదప్పా."

"అయితే ఇటు పారెయ్."

పంచాయతీ ప్రధాన్ బాలస్వామి బల్ల వెనక నిలబడ్డాడు. బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆదివారం తెలుగు చర్చిలో ముందు బెంచీలో కూర్చుంటాడు. సభలో అందరి కోసం హిందీలో ఒకసారి, వెనక గోడ వైపు తిరిగి తెలుగులో ఒకసారి చెబుతాడు. అందుకే సభ ఎప్పుడూ రెండింతల పొడుగు సాగుతుంది.

పై వీధి రైతు ఒకాయన లేచి, పంపుసెట్టు ఆగి మళ్లలో కూరగాయలు మాడిపోతున్నాయని హిందీలో మొదలుపెట్టాడు. మాట సగంలో ఉండగానే నెత్తి మీద ఫ్యాన్లు ఆగిపోయాయి.

"దేఖో ప్రధాన్‌జీ!" అన్నాడు ఆయన చేతులు చాచి. "నా తరఫున కరెంటే వచ్చి చెప్పింది!"

హాలంతా నవ్వింది. ఎరుకమ్మ కూడా నవ్వింది. కాళమ్మ మాత్రం ఆగిన ఫ్యాను రెక్కల వైపు చూసింది. ఇంతమందికి కావలసినదాన్ని ఇరవై రెండు గడపలు ఆపగలవా?

అప్పుడు మంజు లేచింది. సోలారుకి తాము అడ్డం కాదంది. దిబ్బ బీడు కాదంది. ఊళ్లో ఆడవాళ్లందరి పనీ ఆ నేల మీదే అంది. "పనికిరాని స్థలమని సర్వేలో ఎలా రాశారు సార్? ఎవర్ని అడిగి రాశారు? నెల రోజులుగా ఫైలు చూపించమంటుంటే ఆఫీసులో ఉందంటున్నారు."

"ఇవాళే వచ్చింది," అన్నాడు బాలస్వామి, సంచిలోంచి ఫైలు తీస్తూ. "నేను కూడా పూర్తిగా చూడలేదమ్మా. నువ్వు మెంబరువి. నువ్వే చదువు, అందరూ వింటారు. ఒక్క మాట ముందే చెబుతున్నా. ఆ నేల వాడుకలో ఉందని తేలితే ఫైలు వెనక్కి పంపిస్తాను, క్వారీ పక్కన చూసుకోమంటాను. లేదని తేలితే మాత్రం నేనేం చేయలేను."

మంజు ఫైలు తిప్పింది. అంతా హిందీ. చదువుతూ, తమవాళ్ల కోసం తెలుగు చేస్తూ పోయింది. కొలతలు. హద్దులు. ఆగస్టులో తీసిన ఫొటోలు, గడ్డి తప్ప మరేం లేనివి. తర్వాత పేజీ.

"స్థానికుల వాంగ్మూలం," అని చదివింది. "మహిళ. చేపల పని. ఆమె చెప్పినది: 'ఇక్కడ ఏమీ లేదు. ఖాళీ. ఇక్కడ మాకు ఏమీ దొరకదు. ఎన్నో ఏళ్లుగా ఇంతే.'"

వెనక గోడ ఒక్కసారిగా లేచింది.

"ఎవుత్తే అది?" ఎరుకమ్మ గొంతు అందరికంటే పైన వినబడింది. "దాని నోట్లో ఉప్పు కొట్టా! మన కూడు తిని మన కాళ్ల కింద మట్టి తవ్విందే!"

"మనోళ్లు కాదప్పా," అంది కాళమ్మ కూడా లేచి. కోపంతో ఆవిడ చేతిలోని లడ్డూ పొడైపోయింది. "మనోళ్లెవరూ అలా అనరు. పేరు సదవే మంజూ! పేరు సదువు!"

మంజు చదవలేదు.

పేజీ అడుగున చూస్తూ నిలబడిపోయింది. అంత హిందీలో అక్కడొక్కటే తెలుగు. మంజుకి తెలుగు చదవడం సరిగా రాదు. బస్సు మీద బోర్డయినా కూడబలుక్కోవాలి. కానీ ఆ సంతకాన్ని చదవాల్సిన పని లేదు. దీర్ఘం పక్కకి పడిపోయినట్టుండే ఆ 'కా', ఒత్తు కింద చుక్కలా మిగిలిపోయే ఆ సిరా. ఒకటో తరగతి నుంచి పన్నెండు దాకా ప్రతి మార్కుల కార్డు మీదా చూసిన సంతకం.

కూతురు తలెత్తి తన వైపు చూసిన చూపుతో కాళమ్మకి తెలిసిపోయింది.

పసుపు రంగు వాన కోటు. ఆ కుర్రాడు. ఆగస్టులో, జోరువానలో, మూడు కాళ్ల కొలత యంత్రాన్ని భుజాన మోసుకుంటూ దిబ్బ దిగి వచ్చి వాళ్ల చూరు కింద నిలబడ్డాడు. తడిసి వణుకుతుంటే ఆవిడే టీ ఇచ్చింది. ఆ పైన ఏముంటుంది ఆంటీ, మీకేమైనా దొరుకుతుందా అని అడిగాడు హిందీలో. ఆవిడ ఆలోచించను కూడా లేదు. "కుచ్ నహీ బేటా. ఖాలీ హై. కుచ్ నహీ మిల్తా. సాలోం సే ఐసా హీ హై." అతను రాసుకున్నాడు. సంతకం పెట్టమన్నాడు. ఏటా ఎవరో ఒకరు వచ్చి కుళాయికనో కార్డుకనో సంతకం పెట్టించుకుపోతూనే ఉంటారు. పెట్టింది. టీ గ్లాసు కడిగి బోర్లించింది. మరిచిపోయింది.

లోకంలో ఉన్న అన్నిటికీ భయపడింది. ఇదొక్కటే తోచలేదు.

అబద్ధమాడాలని ఆడలేదు. ఆ ఊళ్లో ఎవర్ని అడిగినా అంతే చెబుతారు. ఒడ్డుకి వచ్చిన పడవని ఎన్ని గంపలు పడ్డాయని అడగకూడదు. అడిగితే కాలీ అంటారు, పడవ అంచుల దాకా చేపలున్నా సరే. దిబ్బ నిండా నెత్తళ్లు మెరుస్తున్నప్పుడు పాత వల కప్పి, తడికె కొసకి చీపురు కట్టి, ఏటీ నేదు అంటారు. ఉన్నది ఉందని పరాయి మనిషికి చెబితే దిష్టి తగులుతుంది. ఆ దిష్టి చేపకి తగలదు, వేటకెళ్లిన మనిషికి తగులుతుంది.

కాళమ్మ దాన్ని ఒక్కసారే తప్పింది. పదకొండేళ్ల కిందట డిగ్లీపూర్ నుంచి పినతల్లి కూతురు అమ్ములు చూడడానికి వస్తే, సంతోషం పట్టలేక, ఈ ఏడు దిబ్బ సాలక రోడ్డు మీద కూడా పరుస్తున్నామే అంది. నాలుగో నాడు పడవ వచ్చింది గానీ అందులో పెనిమిటి అప్పలరాముడు రాలేదు. వారం రోజులు వెతికినా దొరకలేదు. ఆ తర్వాత కాళమ్మ అన్నం కుండ నిండా ఉన్నా అడిగినవాళ్లకి లేదనే చెప్పేది.

"ఒలే," అంది ఎరుకమ్మ మెల్లిగా, మంజు మొహం చూసి, కాళమ్మ మొహం చూసి. "ఒలే కాళీ. నువ్వా?"

కాళమ్మ గోడకి జారబడింది.

బాలస్వామి మంజు చేతిలోంచి ఫైలు తీసుకుని సంతకం చూశాడు. ఆయన తెలుగు చదవగలడు. "కాళమ్మగారూ," అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఇది మీ మాటేనా?"

కాళమ్మ అరచేతిలోని లడ్డూ పొడి వైపే చూస్తోంది.

"పోనీ, ఇది తప్పే అనుకుందాం. మరి ఒప్పు ఏంటి? రోజుకి ఎన్ని గంపలు ఎండేస్తారు? ఎన్ని నెలలు? ఎవరైనా చెప్పండమ్మా. చాలా అంటే కుదరదు. లెక్క కావాలి."

"నేను చెబుతాను సార్," అంది మంజు.

"నువ్వు మెంబరువి, ఆవిడ కూతురివి కూడా. నీ మాట ఎలా రాయను? ఆ నేల మీద పని చేసేవాళ్లే చెప్పాలి." గోడ వైపు చూశాడు. "ఎరుకమ్మగారూ? మీరైనా?"

అంత నోరున్న ఎరుకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడ ఇద్దరు కొడుకులూ సముద్రం మీదే ఉన్నారు. ఆవిడ పక్కనున్నావిడ తల దించుకుంది. ఆ పక్కావిడ వేళ్ల గోళ్లు చూసుకుంది. వరసంతా అంతే.

"చూశారా ప్రధాన్‌జీ," అన్నాడు పై వీధి ఆయన. "ఉంటే చెప్పరా?"

బాలస్వామి నిట్టూర్చి కలం తీశాడు. తీర్మానం పుస్తకం ముందుకి లాక్కున్నాడు. అయినా వెంటనే రాయలేదు. కలం పట్టుకుని ఆగాడు.

ఫ్యాన్లు తిరగడం లేదు. బయట జెండా తాడు ఇనుప స్తంభానికి కొట్టుకుంటోంది. టక్. టక్. కాళమ్మ కూతురి వైపు చూసింది. మంజు చెప్పమనలేదు. చెప్పొద్దని కూడా అనలేదు. అన్నయ్య ఎక్కడున్నాడో దానికీ తెలుసు. నాన్న సంగతి కూడా తెలుసు. పెదవి కొరుక్కుంటూ, పదో తరగతి ఫలితాల రోజున నిలబడ్డట్టు నిలబడి ఉంది.

గోడ గడియారం పదకొండున్నర. మూడింటికి ఇంకా ఎంతసేపుందో కాళమ్మ లెక్కపెట్టింది. డింగీ ఈపాటికి ఎక్కడుంటుందో, గాలి ఎటు ఉందో తలుచుకుంది. అరచేతిలో లడ్డూ పొడి చెమటకి ముద్ద కట్టింది. కలం కాయితాన్ని తాకబోయింది.

"డెబ్బై," అంది కాళమ్మ.

ఎరుకమ్మ ఉలిక్కిపడి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "వొద్దే... పిల్లలు నీటి మీదున్నారే..."

"మంచి రోజున డెబ్బై గంపలు," అంది కాళమ్మ ఆ చెయ్యి విడిపించుకోకుండానే. కళ్లు మూసుకుని ఉంది. "నెత్తళ్లు ఒక్కటే. కవ్వళ్లు వేరు. అయిదు నెల్లు. సునామీ కాడ్నించి ఒక్క ఏడు కూడా కాలీగా నేదు. ఆ బాబుకి నాను అబద్ధం సెప్పినాను. రాసుకోండి ప్రధాన్ గారూ. ఈ ఏడు దిబ్బ సాలక రోడ్డు మీద కూడా పరుస్తున్నాం."